పైన్‌ఫోన్‌లో మొబైల్ డేటా ఉంది కానీ ఐపీవీ4 అందడం లేదు, దారి చెప్పండి

పైన్‌ఫోన్ అనే లినక్స్ ఫోన్‌లో మోబియన్ (మొబైల్ కోసం చేసిన డెబియన్ లినక్స్) వాడుతున్నాను. కాల్స్, ఎస్సెమ్మెస్‌లు బాగానే ఉన్నాయి, సిగ్నల్ నిండుగా ఉంది. మొబైల్ డేటా ఆన్ చేస్తే సైట్లు కూడా తెరుచుకుంటున్నాయి. ఆఫీసు వీపీఎన్ మాత్రం అస్సలు కనెక్ట్ కావడం లేదు. దాని సెట్టింగ్స్‌లో సర్వర్ పేరు బదులు ఐపీవీ4 (పాత తరహా ఇంటర్నెట్ చిరునామా) నంబరే ఉంది. వైఫై మీద ఏ ఇబ్బందీ లేదు. ఇదే సిమ్ ఆండ్రాయిడ్ ఫోన్‌లో వేస్తే వెంటనే కనెక్ట్ అవుతోంది.

మోడెమ్‌ను నడిపే మోడెమ్‌మేనేజర్‌లో బేరర్ (డేటా కనెక్షన్) వివరాలు చూస్తే ఐపీవీ6 (కొత్త తరహా) చిరునామా ఒక్కటే ఉంది. 8.8.8.8 అనే ఐపీవీ4 చిరునామాకి పింగ్ కొడితే నెట్‌వర్క్ అన్‌రీచబుల్ అంటోంది. ఏపీఎన్ (ఆపరేటర్ డేటా సెట్టింగ్) సరిగ్గానే ఉంది. ఐపీ రకాన్ని ఐపీవీ4వీ6గా మార్చినా అదే సంగతి, ఐపీవీ4 ఒక్కటే అడిగితే అసలు కనెక్షనే రావడం లేదు. మామూలుగా ఐపీవీ4 మాత్రమే ఉండే 'ఐపీవీ4ఓన్లీ డాట్ ఆర్పా' అనే పేరుకు ఐపీవీ6 చిరునామా అడిగితే జవాబు వస్తోంది, అంటే ఆపరేటర్ వైపు నాట్64 (ఐపీవీ6 నుంచి ఐపీవీ4కి మార్చే ఏర్పాటు) ఉన్నట్టే. ఆండ్రాయిడ్‌లో 464ఎక్స్‌లాట్ (ఐపీవీ6 నెట్‌వర్క్ మీద ఐపీవీ4 నడిపించే పద్ధతి) ముందే ఉంటుంది కాబట్టి అక్కడ తేడా తెలియడం లేదనుకుంటున్నాను.

అదే పని లినక్స్‌లో చేసే క్లాట్‌డీ వేసి టెర్మినల్ నుంచి నడిపితే వీపీఎన్ వచ్చింది, ప్రాణం లేచొచ్చింది! కానీ ఫోన్ సస్పెండ్ అయి లేచాక మోడెమ్ మళ్ళీ కనెక్ట్ అవుతుంది, ఐపీవీ6 చిరునామా మారిపోతుంది, క్లాట్‌డీ పాతదాన్నే పట్టుకుని ఉంటోంది. నెట్‌వర్క్‌మేనేజర్ డిస్పాచర్ స్క్రిప్టుతో (కనెక్షన్ మారినప్పుడల్లా దానంతట అదే నడిచే స్క్రిప్టు) ప్రతిసారీ రీస్టార్ట్ చేయించడమే సరైన పద్ధతా, ఇంకేదైనా ఉందా? ఎవరైనా ఇలా నడుపుతుంటే మీ స్క్రిప్టు దయచేసి పెట్టండి. నైట్ డ్యూటీలో సర్వర్ పడిపోతే నాకు ఈ ఫోనే ఆధారం, అదే టెన్షన్.