తక్కువ ధర ఇయర్‌ఫోన్లు: ఏది బాగా వినిపిస్తోందో తేల్చుకోవడం ఎలా?

ప్రశ్న:
నమస్కారమండీ. నా దగ్గర రెండు జతల ఇయర్‌ఫోన్లు ఉన్నాయి. ఒకటి 600 రూపాయల వైరుది, రెండోది 1,300 పెట్టి కొన్న బ్లూటూత్‌ది. బ్లూటూత్‌ది పెట్టుకోగానే ఆహా అనిపిస్తుంది కానీ, కాసేపు విన్నాక తల బరువెక్కుతోంది. వైరుదానిలో బేస్ అసలే లేదు. రెండింటి పెట్టెల మీదా 20 నుంచి 20,000 హెర్ట్జ్ అనే రాసి ఉంది. నేను వినేది ఎక్కువగా కర్ణాటక సంగీతం, పాత సినిమా పాటలు. తిరిగి పంపే గడువు ఈ వారంతో అయిపోతుంది. ఏది ఉంచుకోవాలో నా చెవులతో నేనే తేల్చుకునే దారి ఉందా?

జవాబు 1:
ఆ ధరలో నాణ్యత గురించి ఆలోచించడం దండగండి. మోగితే చాలనుకోవాలి.

జవాబు 2:
పైవారి మాటతో ఏకీభవించలేను. వెయ్యి రూపాయల లోపు కూడా వినసొంపైనవి దొరుకుతున్నాయి. పెట్టె మీది అంకెలను మాత్రం నమ్మకండి. 20 నుంచి 20,000 హెర్ట్జ్ అనేది మామూలుగా మనిషి చెవి వినగల పరిధి. అందులో ఏ స్థాయి శబ్దం ఎంత బలంగా వస్తుందో చెప్పనప్పుడు ఆ అంకె అలంకారమే.

వైరుదానిలో బేస్ లేదన్నారు. నా అనుమానం దాని రబ్బరు తొడుగుల మీద. చెవి రంధ్రం సరిగా మూసుకోకపోతే ముందుగా మాయమయ్యేది బేసే. పాట ఆపేసి, ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, నోరు మూసి ‘మ్‌మ్‌మ్’ అనండి. మీ గొంతు రెండు చెవుల్లోనూ గుమ్మని మోగాలి. ఒక వైపు మోగకపోతే అక్కడ గాలి పోతున్నట్టే. పెట్టెలో ఇచ్చిన వేరే సైజులు వేసి చూడండి. రెండు చెవులకూ ఒకే సైజు సరిపోవాలని ఏమీ లేదు.

తర్వాత వాల్యూమ్. కాస్త బిగ్గరగా మోగేదానికే మన చెవి మొగ్గుతుంది, మీ ఆహాకు కారణం అదే కావచ్చు. ఒకే పాటలో ఒకే చరణం దగ్గర గొంతు రెండింటిలోనూ సమానంగా వినబడేలా సరిచేసుకున్నాకే పోల్చండి. ఫోనులో ఈక్వలైజర్ (బేస్, పై స్థాయిలను విడివిడిగా పెంచి తగ్గించేది), బేస్ బూస్ట్ వంటివి ఆపేయండి. బ్లూటూత్‌దాని కంపెనీ యాప్‌లో కూడా ఒకటి దాక్కుని ఉండొచ్చు.

ఇక పరీక్షకు మీ సంగీతాన్ని మించింది లేదు. మృదంగం తని ఆవర్తనం (కచేరీలో మృదంగం ఒంటరిగా మోగే భాగం) పెట్టండి. ఎడమ వైపు గుంకీ పలికించినప్పుడు నాదం ఊగుతూ సాగడం తెలియాలి. బేస్ ఉబ్బిపోయిన వాటిలో అది వట్టి ‘ధబ్’మంటుంది. ఆ వెంటనే కుడి వైపు చాపు ఖంగుమనాలి. తర్వాత ఏదైనా గాత్ర కచేరీ. పాట మొదలయ్యాక కూడా వెనక తంబురా వినిపిస్తూనే ఉందా? స, శ, ష వచ్చిన చోట ‘స్స్’మని గుచ్చుతోందా? గుచ్చుతుంటే పై స్థాయిలు అవసరానికి మించి పెంచారన్నమాట. చెవులు అలసిపోయేది చాలావరకు అక్కడే.

పాత పాటలతో ఇంకో లాభం ఉంది. 1950లలో ఘంటసాల పాడిన సినిమా పాటలు మోనో రికార్డింగులు. రెండు చెవులకూ ఒకే శబ్దం వెళ్తుంది కాబట్టి గొంతు తల నడిమధ్యన నిలవాలి. (ప్రతిధ్వనులు కలిపి కొత్తగా ముస్తాబు చేసినవి పనికిరావు.) ఒక పక్కకు ఒరిగితే, ముందు ఫోను సెట్టింగుల్లో కుడి ఎడమల బ్యాలెన్స్ మధ్యలో ఉందో లేదో చూడండి. ఉంటే, వైరుదాన్ని చెవులు మార్చి పెట్టుకోండి. గొంతు కూడా రెండో పక్కకు మారితే లోపం ఇయర్‌ఫోన్‌ది. మారకపోతే అది చెవిలో కూర్చున్న తీరుది కావచ్చు.

జవాబు 3:
బ్లూటూత్‌లో ఎస్‌బీసీ అనే కోడెక్ (వైరు లేకుండా పంపేందుకు శబ్దాన్ని కుదించే పద్ధతి) వాడి ఉంటారు. తేడా అందువల్లే.

జవాబు 2:
ఈ ధరలో కోడెక్ తేడా కంటే ఇయర్‌ఫోన్‌ను ట్యూన్ చేసిన తీరులోని తేడానే చాలా పెద్దదండి.

ప్రశ్న అడిగినవారు:
ఎడమ వైపు గాలి పోతోందని ‘మ్‌మ్‌మ్’తోనే తెలిసిపోయింది! పెద్ద తొడుగు వేశాక వైరుదానికి బేస్ వచ్చింది. వాల్యూమ్ సమం చేసి వింటే బ్లూటూత్‌దానిలో తంబురా మునిగిపోతోంది, ‘స’ గుచ్చుతోంది. అయితే రెండు సందేహాలు. వైరుది చెవిలోకి నొక్కుతున్నప్పుడు కుడి వైపు ‘చిట్’ అంటోంది. నడుస్తుంటే వైరు చొక్కాకు రాసుకుని గరగరలాడుతోంది. పాడైందంటారా?

జవాబు 2:
పాడవలేదు. బిగుతుగా నొక్కినప్పుడు గాలి ఒత్తిడికి ఇయర్‌ఫోన్ లోపలి పలుచని పొర వంగి అలా ‘చిట్’మంటుంది. మెల్లగా, కాస్త తిప్పుతూ పెట్టుకోండి. పాట వింటున్నప్పుడు కూడా ఆ చప్పుడు వస్తే మాత్రం మార్పించుకోవాలి. వైరును చెవి పైనుంచి వెనక్కి తిప్పి వేసుకుంటే గరగర బాగా తగ్గుతుంది.

బస్సు హోరులో వాల్యూమ్ పెంచుకుంటూ పోకండి. పెద్దవారికి 80 డెసిబెల్స్ వద్ద వారానికి 40 గంటలు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది. శబ్దం పెరిగేకొద్దీ ఆ గంటలు త్వరగా తరిగిపోతాయి.

నేనైతే బ్లూటూత్‌దాన్నే తిరిగి పంపుతాను. యాప్‌లో ఈక్వలైజర్ ఉంటే బేస్ తగ్గించి ఒకసారి విని చూడండి, అయినా తంబురా తేలకపోతే ఇక ఆలోచించకండి. పంపేటప్పుడు అన్ని సైజుల తొడుగులూ, చార్జింగ్ వైరూ పెట్టెలో ఉన్నాయో లేదో చూసుకోండి. ఒక్కటి తగ్గినా వెనక్కి తీసుకోవడానికి ఒప్పుకోని అమ్మకందారులు ఉన్నారు.