యెషయా 5:7లో 'రోదనము'కి బదులు 'మొర' ఉండాల్సిందా?

పెద్దలకు నమస్కారం. చిన్న సందేహమే గానీ రెండు రోజులుగా వదలడం లేదు.

యెషయా 5వ అధ్యాయంలో ద్రాక్షతోట పాట ఉంది కదా. ఏడో వచనం చివర మన తెలుగు బైబిల్లో ఇలా ఉంటుంది: "ఆయన న్యాయము కావలెనని చూడగా బలాత్కారము కనబడెను, నీతి కావలెనని చూడగా రోదనము వినబడెను." హీబ్రూలో ఇది మాటల ఆట. మిష్పాత్ (న్యాయం) కోసం చూస్తే మిస్పాఖ్ (రక్తపాతం), త్సెదాకా (నీతి) కోసం చూస్తే త్సెఆకా (బాధతో పెట్టే కేక). రాతలో ఏ జంటకైనా ఒక్క అక్షరమే తేడా. మంచి ద్రాక్షలకని నాటితే కారుద్రాక్షలు కాశాయన్న పాటకి భలే అతికింది.

ఆ ప్రాస తెలుగులోకి రాలేదు, సరే. నా పేచీ అంతా 'రోదనము'తోనే. ఇదే త్సెఆకాని నిర్గమకాండం 3:7లో మనవాళ్లు 'మొర' అన్నారు. ఐగుప్తులో వెట్టి చేస్తున్నవాళ్లు పెట్టిన మొర. ఆదికాండం 4లో అన్న చేతిలో చనిపోయిన హేబెలు రక్తం నేలలోంచి 'మొరపెట్టుచున్నది', అక్కడా అదే ధాతువు. రోదన తలుపేసుకుని ఒక్కరే చేసుకోవచ్చు. మొర పెట్టుకోవాలంటే ఆలకించేవాడు ఉండాలి. గజేంద్రుడు పెట్టింది మొరే కదా.

నిర్గమకాండం 22 చూడండి. పేదవాడి పైబట్ట తాకట్టు పెట్టుకుంటే పొద్దుగుంకేలోగా తిరిగిచ్చేయాలి, రాత్రి కప్పుకోవడానికి వాడికి అదొక్కటే. ఇవ్వకపోతే వాడు నాకు మొరపెడతాడు, నేను వింటాను అంటాడు దేవుడు. బాకీ ఎంత, ఎవరిది తప్పు అన్న విచారణే లేదు. చలేస్తుంది, అంతే.

— అన్నా, బట్ట సంగతి ఎత్తారు కాబట్టి చెబుతున్నా. 1960లో ఇజ్రాయెల్ సముద్రతీరంలో, యావ్నె-యామ్ దగ్గర పాతకోటలో హీబ్రూ రాతతో ఒక కుండపెంకు దొరికింది. క్రీ.పూ. 7వ శతాబ్దం నాటిది. ఒక కోతకూలీ అధికారికి పెట్టుకున్న అర్జీ అది. నా వంతు కోత అయిపోయింది, అయినా హోషయాహు నా బట్ట లాక్కున్నాడు, నాతో కోసినవాళ్లు సాక్ష్యం చెబుతారు, ఇప్పించండి అని. ఇప్పించారో లేదో ఆ పెంకు మీద లేదు.

— బాబూ, అనువాదకుల మీద మరీ విరుచుకుపడకండి. మూలంలో 'కనబడెను', 'వినబడెను' లేవు, రెండుచోట్లా 'ఇదిగో' లాంటి మాటే ఉంది. రోదనానికి 'వినబడెను' తగిలించారంటేనే వినేవాణ్ణి తెచ్చి కూర్చోబెట్టారు. పైగా తర్వాతి వచనంలో యెషయా తిట్టేది "ఇంటికి ఇల్లు కలుపుకొని పొలమునకు పొలము చేర్చుకొను" వాళ్లని. పొలం పోయిన ఇంట్లో ముందు వచ్చేది ఏడుపే.

— మేడం, 'వినబడెను' సంగతి నేను గమనించలేదు, ఒప్పుకుంటున్నా. కానీ పొలం పోయినవాడు ఏడ్చి ఊరుకోడు, ఎవరో ఒకరి గుమ్మం ముందు నిలబడతాడు. నా ఓటు మొరకే.

— నేను ప్రాస కోసం తంటాలు పడుతున్నానండీ. "న్యాయం కోసం చూస్తే గాయం" దాకా వచ్చింది. 'నీతి'కి 'భీతి' తగులుతోంది గానీ అందులో కేక లేదు. అక్కడే ఆగిపోయా.