మూడు వందల ఏళ్లు బతికేవాళ్ల కథ ముందుకు సాగడం లేదు

అంబర్‌పేట కథకుడు:
2300 నాటి హైదరాబాదు మీద కథ రాస్తున్నాను. జన్యువులు దిద్దించుకుని అందరూ మూడు వందల ఏళ్లు బతుకుతారు. ఇరవై పేజీల దాకా బాగానే నడిచింది. ఇప్పుడు కదలడం లేదు, ఎవరికీ దేనికీ తొందర లేదు మరి! ఇలాంటివి రాసినవాళ్లు, చదివినవాళ్లు మీ అనుభవం చెప్పండి.

తార్నాక తాబేలు:
నేనూ ఆ గోతిలో పడ్డవాడినే. "ఒక్క జన్యువు మార్చారు, అంతే" అని రాశాను. జీవశాస్త్రం చదివే మా మేనకోడలు నవ్వింది గానీ పూర్తిగా కొట్టిపారేయలేదు. 1993లో సింథియా కెన్యన్ బృందం డాఫ్-2 అనే ఒకే జన్యువులో మార్పుతో పురుగుల ఆయుష్షు రెండింతలు దాటడం చూసిందట. అయితే అది మిల్లీమీటరు పొడవున్న, మూడు వారాలు బతికే పురుగు. పోనీ కణాలు ముసలివై ఆగిపోకుండా విభజన సాగనిచ్చే టెలోమెరేజ్ అనే ఎంజైము పేరు చెప్పి దాటేద్దామా అంటే, క్యాన్సర్ కణాలు చాలావరకు ఆగకుండా పెరిగేది ఆ ఎంజైము అండతోనే. చివరికి నాకు కథ అక్కడే దొరికింది. ఆయుష్షు పెంచుకున్న ప్రతివాడూ ఆరు నెలలకోసారి గడ్డల పరీక్షకు వరుసలో నిలబడతాడు.

ఆబిడ్స్ పాతపుస్తకం:
ఒక ఆదివారం ఫుట్‌పాత్ మీద అట్ట ఊడిన 'మెథూసెలాస్ చిల్డ్రన్' దొరికింది. హైన్‌లైన్ 1941లో పత్రికకు రాసిన నవల. అందులో జన్యువుల కత్తిరింపు ఏమీ లేదు. తాతముత్తాతలు దీర్ఘాయుష్కులైన ఇళ్ల మధ్య పెళ్లిళ్లకు ఒక సంస్థ డబ్బిస్తుంది. కట్నం ఎదురు వచ్చినట్టన్న మాట. బయటివాళ్లు ఇది నమ్మరు, ఏదో రహస్యం దాచారని వెంటపడతారు. మీ కథలో ఆ బయటివాళ్లు ఎక్కడ?

అంబర్‌పేట కథకుడు:
లేరండీ. చికిత్స అందరికీ ఉచితం చేసేశాను.

పింఛను గుమాస్తా:
ఉచితమా! ఖజానా సంగతి ఆలోచించారా? కేంద్ర ప్రభుత్వ పింఛనుదారుకు 80 ఏళ్లు నిండితే మూల పింఛను మీద 20 శాతం అదనం, నూరు నిండితే 100 శాతం. మీ నాయకుడు రెండు వందల ఏళ్లు రెట్టింపు పింఛను తింటాడు. విరమణే లేదంటారా, 2021లో తెలంగాణలో ఆ వయసు 58 నుంచి 61కి పెంచినప్పుడు ఉద్యోగ పరీక్షలకు చదువుతున్న మా పక్కింటి కుర్రవాడు రెండు రోజులు సరిగా అన్నం తినలేదు. మూడేళ్లకే అంత!

మల్కాజిగిరి కోడలు:
యయాతి ముసలితనం వద్దనుకుని కొడుకుల యవ్వనం అడిగాడు. పూరుడు ఇచ్చాడని అందరూ మెచ్చుకుంటారు. నాకు మాత్రం ఇవ్వనన్న యదువే నచ్చుతాడు. మా అత్తగారికి 94. బీరువా తాళాలు ఇప్పటికీ ఆవిడ కొంగుకే ఉంటాయి. నాకు 70 వచ్చాయి, ఆవిడ లెక్కలో నేనింకా కొత్త కోడలినే. మూడు వందల ఏళ్లంటే నాకు ముందు ఆ తాళాలే గుర్తొస్తాయి.

అంబర్‌పేట కథకుడు:
అమ్మా, ఆ తాళాలు కథలో వాడుకోవచ్చా?

మల్కాజిగిరి కోడలు:
వాడుకో నాయనా. అచ్చయితే మా ఇంటికి మాత్రం పంపకు. కళ్లద్దాలు లేకుండానే చదువుతుంది ఆవిడ.