భార్యాభర్తల గొడవ: చర్చి సంఘంల కౌన్సెలింగ్ ఎట్లా మొదలుపెట్టాలె?

ప్రశ్న (హన్మకొండ): ప్రార్థన చేసి పంపుడేనా, పద్ధతేమన్న ఉన్నదా అన్నా?

జవాబు (కాజీపేట): ఉన్నది తమ్మీ. మొదట ఇద్దరినీ కలిపి, తర్వాత విడివిడిగా, మళ్లీ కలిపి కూర్చోబెట్టాలె. గంట చాలు. అత్తమామలను అప్పుడే పిలవద్దు. బైబిల్ల ఎఫెసీ 5:22 (భార్య భర్తకు లోబడాలె అనే మాట) ఒక్కటే చదివితే భార్య నోరు మూసినట్టయితది. ఒకరికొకరు లోబడాలె, భర్త భార్యను ప్రేమించాలె అని కూడ ఉన్నది, అందుకే 21 నుంచి 25 దాకా చదవాలె. విన్న సంగతి ఆదివారం ప్రార్థన విన్నపంల బయటపడితే ఇగ వాళ్లు రారు.

జవాబు (జనగామ): కొట్టుడు ఉంటే మాత్రం కలిపి కూర్చోబెట్టొద్దు. నిజం చెప్పినందుకు ఆమె ఇంటికాడ మళ్ల దెబ్బలు తింటది. అప్పుడు క్షమించమనుడు అన్యాయం. మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోన్, హింస పడ్డ ఆడోళ్లకు సాయం చేసే సఖి కేంద్రం, 2005 గృహహింస చట్టం సంగతి ఆమెకొక్కదానికే చెప్పాలె.

జవాబు (వరంగల్): నిద్ర పట్టక, చావు మాటలు వస్తే సర్కారు మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలీమానస్ 14416, లేకుంటే వరంగల్ సర్కారు దవాఖాన ఎంజీఎంల మానసిక వైద్యులు. ఉపవాసమని మందులు ఆపనియ్యద్దు.