సీఫుడ్ ట్రేసబిలిటీ: లాట్ తెగేది ఎక్కడ?

పడవలెక్క: సరుకు ఏ పడవ నుంచి ఎలా వచ్చిందో వెనక్కి వెతికి పట్టుకోగలగడమే ట్రేసబిలిటీ కదా, దానిమీద కొనేవాళ్లకు నమ్మకం కలగాలంటే పెట్టె మీద క్యూఆర్ కోడ్ వేస్తే చాలా? అసలు పని ఎక్కడ మొదలుపెట్టాలి?

వలదారం: కోడ్ చివర్న వేసేదండీ. సరుకు ఒడ్డుకు దిగగానే లాట్ (ఒకే విడతగా లెక్కించే సరుకు) నంబరు పడాలి. దాని కింద జాతి, పట్టిన తేదీ, చోటు, పడవ, వల రకం, కిలోలు ఉండాలి. జాతికి వాడుక పేరుతో పాటు శాస్త్రీయ నామం, ఎఫ్‌ఏఓ (ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ) మూడక్షరాల కోడ్ రాయండి. ఎల్లోఫిన్‌కి వైఎఫ్‌టీ, స్కిప్‌జాక్‌కి ఎస్‌కేజే. ఉత్త ‘ట్యూనా’ అని రాసి వదిలేస్తే ముక్కలు కోశాక ఎవరూ పోల్చలేరు. హిందూ మహాసముద్రం అన్నా చాలదు. ఎఫ్‌ఏఓ ప్రాంత సంఖ్య కూడా రాయాలి: పడమటి భాగం 51, తూర్పు భాగం 57.

ఐసుపెట్టె: లాట్ జాడ తెగేది మాత్రం ప్లాంటులో, గ్రేడింగ్ బల్ల మీదే. మూడు లాట్ల రొయ్యలు సైజు ప్రకారం విడిపోయి ఒకే క్రేట్‌లో పడతాయి. ఆ క్రేట్‌కి కొత్త నంబరు ఇచ్చేటప్పుడే పాత మూడు నంబర్లూ, ఒక్కోదాన్నుంచి ఎన్ని కిలోలు వచ్చాయో రాయాలి. సాయంత్రం గుర్తు తెచ్చుకుని నింపిన రిజిస్టర్ దేనికీ పనికిరాదు. మామూలు కాగితం చీటీ ఐసు నీళ్లకు తడిసి సిరా కారిపోతుంది. తడవని ప్లాస్టిక్ చీటీ మీద పెన్సిల్‌తో రాస్తే నిలుస్తుంది.

తూకంరాయి: తూకం కూడా సరిచూడండి. తలతో ఉన్న 1000 కిలోల వనామి రొయ్య తల తీస్తే సుమారు 600–650 కిలోలు అవుతుంది. 720 చూపిస్తుంటే వేరే లాట్ కలిసి ఉండాలి, లేదా నీటి బరువు చేరి ఉండాలి. ఫాస్ఫేట్‌లో నానబెడితే బరువు పెరుగుతుంది, గ్లేజింగ్‌తో (పైన పలచటి ఐసు పొర వేయడంతో) ఇంకా పెరుగుతుంది. అందుకే నానబెట్టక ముందు, తర్వాత, గ్లేజ్ అయ్యాక తూచి మూడు వేర్వేరు గడుల్లో రాయాలి.

పడవలెక్క: మా దగ్గర కొనే కంపెనీ సాఫ్ట్‌వేర్ వేరు. మేమూ అదే కొనాలా?

వలదారం: అక్కర్లేదు. 2020లో వచ్చిన జీడీఎస్‌టీ (సీఫుడ్ ట్రేసబిలిటీకి అంతర్జాతీయ ప్రమాణం) ప్రకారం ఈపీసీఐఎస్ (వేర్వేరు సాఫ్ట్‌వేర్లు సమాచారం ఇచ్చిపుచ్చుకునే ఉమ్మడి పద్ధతి) రూపంలో సమాచారం పంపగలిగితే చాలు. ఎగుమతి అయితే ఐరోపా సమాఖ్యకు 2010 నుంచి క్యాచ్ సర్టిఫికెట్ (చట్టబద్ధంగా పట్టిన సరుకని చూపే పత్రం) కావాలి. అది సముద్రంలో పట్టినదానికి, చెరువు రొయ్యకు కాదు.

ఐసుపెట్టె: నెలకోసారి గోదాములోంచి ఏదో ఒక పెట్టె తీసి పడవదాకా వెనక్కి వెళ్లండి. తర్వాత అదే పడవ లాట్ ఇంకా ఏయే పెట్టెల్లోకి పోయిందో ముందుకు రండి. రెండోదే కష్టం, సరుకు వెనక్కి పిలవాల్సి వస్తే కావలసిందీ అదే. డీఎన్‌ఏ పరీక్ష జాతిని తేలుస్తుంది గానీ పడవను చెప్పదు, ఆ పని ఈ చీటీలే చెయ్యాలి.

తూకంరాయి: కంటైనర్‌లో టెంపరేచర్ లాగర్‌ని (ఉష్ణోగ్రతను నమోదు చేస్తూ పోయే పరికరాన్ని) చల్లగాలి వచ్చే చోట పెట్టకండి, అక్కడ రీడింగ్ ఎప్పుడూ బాగానే ఉంటుంది. ఒకటి తలుపు దగ్గర, ఇంకొకటి సరుకు మధ్యలో పెట్టి, వాటి నంబర్లు కూడా లాట్ కిందే రాయండి.