నాటక శిక్షణాలయంలో చేరకుండా నటనలో పదును నిలుపుకోవడం సాధ్యమేనా?

తెరచాటు:

కొన్ని నాటకాల్లో వేషాలు వేసి, ఆ తర్వాత ఉద్యోగ బాధ్యతల్లో పడినవారు మళ్లీ అవకాశం వచ్చేదాకా తమ నటన మొద్దుబారకుండా ఎలా కాపాడుకోవాలన్నది నా ప్రశ్న. ఏళ్ల తరబడి సాగే కోర్సులో చేరే వీలు నాకు లేదు. రోజూ గొంతు సాధన చేస్తున్నాను. ఏకపాత్రలు కంఠస్థం చేసి ఫోనులో రికార్డు చేసుకుంటున్నాను. అయితే శిక్షణాలయంలో చదువుకున్న మిత్రుడొకరు, గురువు లేని సాధన వల్ల నైపుణ్యం నిలవకపోగా ఉన్న లోపాలే గట్టిపడతాయని అంటున్నారు. ఒంటరి సాధనతో ఏది నిలుస్తుంది, ఏది నిలవదు అన్నది అనుభవం ఉన్నవారు విడమరచి చెప్పాలని కోరుతున్నాను.

వాచస్పతి:

మీ మిత్రుడి మాటలో సగమే నిజముందని నా అభిప్రాయం. నాట్యశాస్త్రంలో భరతుడు చెప్పిన నాలుగు విధాల అభినయంలో ఆంగికం (అవయవాలతో చేసేది), వాచికం (మాటతో చేసేది) అనే రెండూ శరీరానికి, శ్వాసకు, నాలుకకు సంబంధించినవి. వాటికి నిత్యాభ్యాసమే ప్రాణం. ఏ సంస్థ ముద్రా అక్కర్లేదు.

గొంతు విషయమే చూడండి. గట్టిగా చెప్పడమే సాధన అనుకుని మెడ కండరాలు బిగించి, స్వరతంత్రులను అలసటకు గురిచేసేవారు చాలామంది ఉన్నారు. పెదవులు మూసి మంద్రస్థాయిలో హమ్మింగ్‌తో మొదలుపెట్టి, పక్కటెముకలు విచ్చుకునేలా శ్వాస తీసుకుని, దాన్ని ‘స్’ అనే శబ్దంగా ఒకే ఒత్తిడితో వదలడం అలవాటైన తర్వాత, పొడవైన వాక్యమొకటి తీసుకుని అర్థం విరిగే చోట తప్ప మరెక్కడా ఊపిరి తీయకుండా చదవాలి. అప్పుడు వాక్యం చివర గొంతు జారిపోతోందేమో ప్రత్యేకంగా గమనించండి. మన వాక్యంలో విషయాన్ని తేల్చేది చివర వచ్చే క్రియ కాబట్టి, అక్కడ ఊపిరి చాలకపోతే పాత్ర ‘వెళ్తాను’ అన్నదో ‘వెళ్లను’ అన్నదో వెనక వరుసలో కూర్చున్నవారికి తెలియదు. ఈ ఒక్క లోపాన్ని సరిదిద్దుకోవడానికి గురువు అవసరమని నేను అనుకోను. గది చివర ఫోను పెట్టి రికార్డు చేసి వింటే చాలు.

మరో మాట. నటనా శిక్షణకు ఒక పద్ధతిని ఏర్పరచిన రష్యన్ నటుడు, దర్శకుడు స్తానిస్లావ్‌స్కీ ఏ నాటక విద్యాలయంలోనూ చదువు పూర్తిచేసినవాడు కాదు. పద్నాలుగేళ్ల వయసులో, 1877లోనే, తన నటన మీద తానే నోటుపుస్తకాల్లో విమర్శలు రాసుకోవడం ప్రారంభించాడు. ఔత్సాహిక నటుడిగానే ఎదిగి, 1898లో నాటక రచయిత నెమిరోవిచ్ దాన్‌చెంకోతో కలిసి మాస్కో ఆర్ట్ థియేటర్‌ను స్థాపించాడు.

ఎదుటిపాత్ర:

వాచస్పతి గారూ, గొంతు గురించి మీరు చెప్పినదంతా అంగీకరిస్తాను. కానీ స్తానిస్లావ్‌స్కీ ఉదాహరణ మీ వాదాన్ని బలపరచదు. ఆయన విద్యాలయానికి దూరంగా ఉన్నాడేమో గాని, ఒంటరిగా ఎన్నడూ లేడు. అదే 1877 నుంచి తోబుట్టువులు, బంధుమిత్రులతో కూడిన ఇంటి నాటక బృందం ఆయనకు ఉంది. 1888లో కళలకూ సాహిత్యానికీ ఒక సంఘాన్ని స్థాపించి అందులో ఏళ్ల తరబడి వేషాలు వేశాడు. నోటుపుస్తకంలో రాసుకున్నది ఇతరులతో కలిసి నటించి వచ్చిన తర్వాత రాసుకున్నదే.

అందువల్ల ప్రశ్ననే కాస్త మార్చి అడగాలని నాకనిపిస్తోంది. కావలసినది శిక్షణాలయమా కాదా అన్నది అసలు సంగతి కాదు. ఎదుట మనిషి ఉన్నాడా లేడా అన్నదే అసలు సంగతి. ఒంటరి సాధనలో మొదట చచ్చిపోయేది వినడం. ఒక సన్నివేశం తీసుకుందాం. తమ్ముడు ఇంటి పత్రాలు తాకట్టు పెట్టాడని అన్నకు తెలిసింది. ‘ఎందుకు చేశావురా?’ అని అన్న అడగాలి. ఇంట్లో ఒంటరిగా సాధన చేసే నటుడు తమ్ముడి జవాబును తన మనసులో తానే వినిపించుకుంటాడు; ఆ జవాబు ప్రతిసారీ పొగరుగానే వినిపిస్తుంది, ఎందుకంటే అతని కోపానికి అది అనుకూలంగా ఉంటుంది. రేపు రిహార్సల్‌లో తమ్ముడి పాత్రధారి తల వంచుకుని, దాదాపు వినపడనంత మెల్లగా ‘వేరే దారి లేకపోయింది’ అంటాడు. అన్న మాత్రం ఇంట్లో సిద్ధం చేసుకున్న కోపాన్నే, అదే స్థాయిలో, అదే విరుపుతో అప్పగిస్తాడు. చూసేవారికి అన్న గొంతులో లోపం కనిపించదు, కదలికల్లోనూ కనిపించదు. కానీ అతడు తమ్ముడితో మాట్లాడడం లేదని మాత్రం వెంటనే తెలిసిపోతుంది.

1931లో న్యూయార్క్‌లో ఏర్పడిన గ్రూప్ థియేటర్ అనే నాటక బృందం నుంచి వచ్చిన నటనా గురువు శాన్‌ఫర్డ్ మైస్నర్ తన బోధన మొత్తాన్నీ ఈ సమస్య చుట్టూనే నిర్మించాడు. ఇద్దరు ఎదురెదురుగా నిలబడి, ఒకరు ఎదుటివారిలో తాము గమనించినది ఒక చిన్న వాక్యంలో చెబుతారు. రెండోవారు దాన్నే తిరిగి చెబుతారు. మాట మారదు, మనిషి మారుతుంటాడు. ఆ మార్పును పట్టుకోవడమే అభ్యాసం. దీనికి ఇద్దరు మనుషులు చాలు, ప్రవేశ పరీక్ష అక్కర్లేదు. అయితే ఇద్దరికి తక్కువైతే మాత్రం జరగదు.

సాధన:

ఎదుటిపాత్ర గారి వాదం బాగుంది. అయినా రికార్డింగును ఎవరూ తేలిగ్గా తీసివేయకూడదని నా మనవి. ఇవాళ చాలా ఆడిషన్లు సెల్ఫ్ టేప్ (నటుడు తానే చిత్రీకరించి పంపే వీడియో) ద్వారానే మొదలవుతున్నాయి కాబట్టి, కెమెరా ముందు నిలబడడం కూడా నిలుపుకోవలసిన నైపుణ్యమే. ఫోను కంటి ఎత్తులో ఉండాలి. ఎదుటి పాత్ర మాటలు చదివేవారు లెన్సు పక్కనే నిలబడి, మీకంటే తక్కువ గొంతుతో చదవాలి.

తెరచాటు గారూ, మీరు రికార్డు చేసిన వెంటనే చూసుకుంటున్నారా? అలా అయితే ఆ అలవాటు మానండి. వెంటనే చూస్తే ముఖం ఎలా ఉంది, జుట్టు ఎలా ఉంది అన్నదే కంటికి ఆనుతుంది. మర్నాడు, మొదట బొమ్మ చూడకుండా ధ్వని మాత్రమే వినండి; ఆ తర్వాత ధ్వని ఆపేసి బొమ్మ మాత్రమే చూడండి. పాత్రకు ఏం కావాలో ఆ రెండింటిలోనూ విడివిడిగా తెలుస్తోందా అన్న ఒక్క ప్రశ్నే వేసుకోండి. అద్దం ముందు సాధన చేయడం కన్నా ఇది ఎంతో మేలు. అద్దం నటుణ్ని తన లోపలికి కాక తన బయటికి చూసుకోవడం నేర్పుతుందని స్తానిస్లావ్‌స్కీ హెచ్చరించాడు. అద్దంలో నటిస్తూనే చూసుకుంటాం, రికార్డింగులో నటించిన తర్వాత చూసుకుంటాం.

కంఠస్థం గురించి కూడా ఒక మాట. నటుల జ్ఞాపకశక్తిని పరిశీలించిన హెల్గా నోయిస్, టోనీ నోయిస్ దంపతులు, అనుభవజ్ఞులైన నటులు మాటలను వల్లెవేయడం కన్నా ప్రతి మాట వెనక పాత్ర ఉద్దేశాన్ని వెతకడం ద్వారానే వాటిని గుర్తుపెట్టుకుంటారని, కదలికతో ముడిపడిన మాటలు ఎక్కువ కాలం నిలుస్తాయని గమనించారు. కుర్చీలో కూర్చుని బట్టీపట్టిన ఏకపాత్ర లేచి నిలబడగానే తడబడడం మనలో చాలామందికి తెలిసినదే.

మూడోగంట:

నేను శిక్షణాలయంలో చదివినవాణ్ని. అందువల్ల నా పక్షపాతం ఎటో ముందే చెబుతున్నాను. ఇక్కడ ఎవరూ ప్రస్తావించని విషయం ఒకటుంది. శిక్షణాలయం మన మీద మనకు ఇష్టంలేని పాత్రలను రుద్దుతుంది. ఒంటరి సాధకుడు తన గొంతుకు నప్పే ఏకపాత్రలనే, తనకు తేలిగ్గా వచ్చే రసాన్నే మళ్లీ మళ్లీ ఎంచుకుంటాడు. ఆవేశం బాగా పలికేవాడు ఆవేశాన్నే సాధన చేస్తాడు. మౌనంగా కూర్చుని ఎదుటివాడి మాటకు లొంగిపోయే పాత్ర అతని జాబితాలోకి ఎన్నటికీ రాదు. అలా సంవత్సరాలు గడిస్తే నైపుణ్యం తగ్గకపోవచ్చు, కానీ దాని విస్తృతి కుంచించుకుపోతుంది. తెరచాటు గారి మిత్రుడు లోపాలు గట్టిపడడం అన్నది బహుశా దీన్నే కావచ్చు. కోర్సులో చేరలేనివారు కనీసం స్వల్పకాలిక కార్యశాలలకైనా వెళ్లి, తమను ముందెన్నడూ చూడని దర్శకుడి చేతిలో పడాలి.

ఎదుటిపాత్ర:

ఈ విమర్శ చాలా విలువైనది, దీనికి విరుగుడు కూడా ఉందని నమ్ముతున్నాను. పాత్రల ఎంపికను మన చేతిలోంచి తీసేయాలి. ముగ్గురు నలుగురు కలిసి వారానికొకసారి ఏదైనా నాటకాన్ని బిగ్గరగా చదువుకునే బృందంగా ఏర్పడినప్పుడు, ఎవరు ఏ పాత్ర చదవాలో చీటీలు వేసి నిర్ణయించండి. వయసు, స్త్రీపురుష భేదం ఏదీ చూడకండి. చదివిన తర్వాత సలహాలు ఇవ్వకుండా, తాము చూసినది మాత్రమే చెప్పాలన్న నియమం పెట్టుకోండి. ‘అక్కడ ఇంకా ఏడవాల్సింది’ అనేది సలహా. ‘తమ్ముడు జవాబు చెప్పకముందే నువ్వు కాగితం వైపు చూశావు’ అనేది చూసిన విషయం. మొదటిది సాటి నటుణ్ని నొప్పిస్తుంది లేదా దారి తప్పిస్తుంది. రెండోది అతడు ఇంటికి తీసుకెళ్లి పని చేసుకోగలిగినది.

న్యూయార్క్‌లో 1947లో స్థాపించిన యాక్టర్స్ స్టూడియోను కూడా గుర్తుచేస్తాను. అది మొదలైనది అప్పటికే వృత్తిలో ఉన్న నటులు ఒకరి ముందు ఒకరు సాధన చేసుకునే చోటుగా. చదువు ముగిసినవారికీ సాటివారి ముందు పని చేసుకునే చోటు అవసరమైందంటే, ఏ కోర్సూ ఆ అవసరాన్ని శాశ్వతంగా తీర్చదనే కదా అర్థం?

తెరచాటు:

అందరికీ కృతజ్ఞతలు. నాది ఇంకొక్క సందేహం. నా చుట్టుపక్కల నటనలో ఆసక్తి ఉన్నవారు ప్రస్తుతం ఎవరూ లేరు. నటనతో ఏ సంబంధమూ లేని మా అక్క స్క్రిప్టు పట్టుకుని ఎదుటి మాటలు చదవడానికి ఒప్పుకుంది. దానివల్ల ప్రయోజనం ఉంటుందా?

ఎదుటిపాత్ర:

తప్పకుండా ఉంటుంది. ఆవిడకు ఎలా చదవాలో మాత్రం చెప్పకండి. నటనతో పరిచయం లేనివారు ఊహించని చోట ఆగుతారు, ఊహించని మాటను ఒత్తి పలుకుతారు, ఒక్కోసారి మీ కళ్లలోకి చూసి నిజంగానే జవాబు కోసం ఎదురుచూస్తారు. అవన్నీ మీరు ఆ క్షణంలో స్పందించవలసినవే. సన్నివేశం ముగిశాక ‘ఎలా చేశాను?’ అని అడిగితే అక్కగారు బాగుందనే అంటారు. దానికి బదులు ‘ఈ మనిషి నీ దగ్గర ఏం కోరుతున్నట్టు అనిపించింది?’ అని అడగండి. ఆవిడ చెప్పినదానికీ, మీరు పాత్ర కోరికగా అనుకున్నదానికీ ఎంత దూరముందో, మీ తర్వాతి సాధన అక్కడ మొదలుపెట్టండి.

మూడోగంట:

ఈ సలహాతో నాకు పేచీ లేదు, ఒక్క షరతు తప్ప. నమ్మశక్యంగా లేకపోతే ఆ సంగతి అక్కగారు పట్టుకోగలరు. ఎందువల్ల లేదో చెప్పలేరు. శ్వాస పైపైన ఆగిపోవడం వల్లనా, సన్నివేశాన్ని తప్పుగా అర్థం చేసుకోవడం వల్లనా అన్నది తేల్చడానికి అప్పుడప్పుడైనా శిక్షణ పొందిన కన్ను కావాలి. అది శిక్షణాలయంలోనే దొరకాలన్న పట్టు నాకు లేదు. నాటకాలు వేయించే దర్శకుడైనా ఫరవాలేదు, కానీ మొహమాటం లేకుండా ఆయన ముందు నిలబడండి.