బ్లో-ఆఫ్ వాల్వ్ బూస్ట్ వదిలేస్తుంటే గట్టి స్ప్రింగ్ వేయడమే మందా?

మూడోగేరు
నాది 1.8 లీటర్ల టర్బో పెట్రోల్ కారు. ట్యూన్ చేయించాక 1.2 బార్ బూస్ట్ (టర్బో నొక్కి పంపే గాలి ప్రెషర్) రావాలి, మొన్నటిదాకా వచ్చేది కూడా. రెండు వారాలుగా మూడో గేర్‌లో ఫుల్ యాక్సిలరేటర్ తొక్కితే గేజ్ ముల్లు గబగబా 0.85 దాకా ఎక్కి, అక్కడ కాసేపు వణికి, ఆర్‌పీఎమ్ పెరిగేకొద్దీ 0.7కి జారిపోతోంది. చెక్ ఇంజిన్ లైట్ కూడా వెలిగింది. కోడ్ పీ0299, అంటే ఉండాల్సినంత బూస్ట్ లేదని.

మెకానిక్ టర్బో నోటి దగ్గర నుంచి పొగ పంపి లీక్ టెస్ట్ చేశాడు. ఎక్కడా పొగ బయటికి రాలేదు. "పైపులన్నీ బాగున్నాయి, కాబట్టి బ్లో-ఆఫ్ వాల్వ్ (కాలు తీసినప్పుడు టర్బో గాలిని వదిలేది) స్ప్రింగే వీక్ అయింది. గట్టి స్ప్రింగ్ ఉన్న మెటల్ వాల్వ్ వేద్దాం, గాలిని బయటికే వదిలేస్తుంది" అంటున్నాడు. ఇప్పుడున్నది కారుతో వచ్చిన ప్లాస్టిక్ వాల్వే. లోపల రబ్బరు డయాఫ్రమ్ (పల్చటి పొర) ఉంటుంది, వదిలిన గాలి మళ్లీ టర్బో ఇన్‌టేక్‌లోకే పోతుంది. మార్చేయమంటారా?

ఎర్రసూది
మార్చేయండి బ్రో. బూస్ట్ పెంచినప్పుడు ప్లాస్టిక్ వాల్వ్ నిలబడకపోవడం కొత్త సంగతేం కాదు. మిత్సుబిషి ఎక్లిప్స్ మొదటి తరం (1990-94) టర్బో కార్లకు మెటల్ వాల్వ్ వచ్చేది, రెండో తరం (1995-99) వాటికి ప్లాస్టిక్‌ది వచ్చింది. బూస్ట్ పెంచుకున్నవాళ్లంతా ప్లాస్టిక్‌ది పీకేసి పాత మెటల్ వాల్వ్ వెతుక్కుని బిగించుకున్నారు. అది కూడా చాలనివాళ్లు వాల్వ్ టోపీని వైస్‌లో పెట్టి కొంచెం నొక్కేవాళ్లు. లోపల స్ప్రింగ్ ముందే బిగుసుకుని ఉంటుందని. స్ప్రింగ్‌కి సంబంధమే లేకపోతే అన్నేళ్లపాటు అంతమంది ఆ పని ఎందుకు చేస్తారు?

పాత స్పానర్
ఎర్రసూది గారు చెప్పిన చరిత్ర నిజమే. కానీ మూడోగేరు గారి కారుకి ఆ మందు రాసే ముందు, వాల్వ్‌ని మూసి ఉంచేది ఎవరో తేల్చుకోవాలి. చాలామంది స్ప్రింగ్ ఒక్కటే బూస్ట్‌ని ఆపుతుందనుకుంటారు. అక్కడే పొరపాటు.

వాల్వ్ పైభాగానికి ఒక సన్న గొట్టం ఇన్‌టేక్ మానిఫోల్డ్ (సిలిండర్లకు గాలి పంచే భాగం) నుంచి వస్తుంది. ఫుల్ త్రాటిల్‌లో, అంటే యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినప్పుడు, మానిఫోల్డ్‌లో ఎంత బూస్ట్ ఉంటే అంతా వాల్వ్ నెత్తి మీద కూర్చుని కిందికి నొక్కుతుంది. కింద పైపులోని గాలి పైకి తోస్తుంది. రెండూ దాదాపు సమానం. మిగిలిన తేడాని మాత్రమే స్ప్రింగ్ మోయాలి.

లెక్క వేసి చూడండి. వాల్వ్ మూత 30 మిల్లీమీటర్ల వ్యాసం అనుకుందాం, వైశాల్యం సుమారు 7 చదరపు సెంటీమీటర్లు. 1.2 బార్‌ని స్ప్రింగ్ ఒక్కటే ఆపాలంటే ఎనిమిదిన్నర కిలోల బలం కావాలి. వాల్వ్ ఇంటర్‌కూలర్‌కి (టర్బో గాలిని చల్లబరిచేదానికి) ముందు ఉంది, అక్కడ మానిఫోల్డ్ కంటే 0.15 బార్ ఎక్కువ ఉంది అనుకున్నా, స్ప్రింగ్ మోయాల్సింది కిలో బరువు. ఆ మాత్రం మోయలేనంతగా స్ప్రింగ్ ఒక్కసారిగా రెండు వారాల కింద అలిసిపోదు. సన్న గొట్టం పగిలినా, జారినా, డయాఫ్రమ్ చిరిగినా నెత్తి మీది బరువు పోతుంది, అప్పుడు వాల్వ్ తెరుచుకుంటుంది.

కారు మొన్నటిదాకా 1.2 పట్టిందని ఆయనే రాశారు. అంటే స్ప్రింగ్ సరిపోయింది, ఏదో ఒకటి పాడైంది. పాడైనదాన్ని వెతకకుండా దాని మీద బలం పెంచడం నాకు నచ్చదు.

కొత్త డ్రైవర్
మధ్యలో వస్తున్నందుకు క్షమించండి. మా డీజిల్ కారు కూడా యాక్సిలరేటర్ తొక్కినప్పుడు ఉస్సుమంటోంది. అదీ ఈ వాల్వేనా?

పాత స్పానర్
చాలా డీజిల్ కార్లకు ఈ వాల్వ్ ఉండదు తమ్ముడూ. పెట్రోల్ కార్లో కాలు తీయగానే త్రాటిల్ మూసుకుని గాలి వెనక్కి కొడుతుంది, దాన్ని వదలడానికే ఈ వాల్వ్. డీజిల్‌కి ఆ అవసరం పడదు. నువ్వు ఇంటర్‌కూలర్ హోసులూ క్లాంపులూ చూసుకో.

ఎర్రసూది
మీ లెక్క కాగితం మీద బాగుంది స్పానర్ గారూ. కానీ మెకానిక్ పొగ పెట్టి చూశాడు కదా, లీక్ లేదు. ఇక మిగిలింది వాల్వే. వాల్వ్ అనుకున్నాక బలమైనదే వేసుకుంటే తప్పేంటి?

సైలెన్సర్
ఆ టెస్ట్ ఈ కారు వాల్వ్ గురించి ఏమీ చెప్పదు. ఇది ముఖ్యం, అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

ఈ వాల్వ్ గాలిని తిరిగి ఇన్‌టేక్‌లోకే వదులుతుంది. టర్బో నోటి దగ్గర మూత పెట్టి లోపలికి గాలో పొగో పంపితే, వాల్వ్‌కి ముందు వైపూ వెనక వైపూ ఒకే ప్రెషర్ ఉంటుంది. వాల్వ్ బార్లా తెరిచి ఉన్నా పొగ బయటికి రాదు, లోపలే చక్కర్లు కొడుతుంది. రోడ్డు మీదా అంతే. వదిలిన గాలి మళ్లీ టర్బోలోకే పోతుంది కాబట్టి మిక్స్చర్ రిచ్ కాదు (గాలికి మించి పెట్రోల్ పడదు), నల్ల పొగ రాదు. బూస్ట్ మాత్రం తగ్గుతుంది, గాలి మళ్లీ మళ్లీ వేడెక్కుతుంది.

మూడోగేరు గారూ, వాల్వ్ నుంచి ఇన్‌టేక్‌కి వెళ్లే తిరుగు హోసు ఊడదీయండి. ఇన్‌టేక్ వైపు రంధ్రానికి బిరడా పెట్టండి. వాల్వ్ నోటికి ఒక రబ్బరు గ్లౌజు తొడిగి రబ్బర్ బ్యాండ్ వేయండి. ఇప్పుడు రెగ్యులేటర్‌తో మెల్లగా గాలి పెంచండి. గ్లౌజు ఉబ్బితే వాల్వ్ వదులుతున్నట్టు. మూతలు ఊడి ఎగిరితే దెబ్బ తగులుతుంది, మొహం ఎదురుగా పెట్టొద్దు, 1 బార్ దాటొద్దు.

పాత స్పానర్
గ్లౌజు ఉపాయం చాలా బాగుంది. ఒక్క జాగ్రత్త చేర్చాలి. ఇంజిన్ ఆగి ఉన్నప్పుడు ఏదో ఒక సిలిండర్ ఇన్‌టేక్ వాల్వ్ తెరిచి ఉంటుంది, మానిఫోల్డ్‌లోని గాలి అటు కారిపోతుంది. మూసిన త్రాటిల్ సందులోంచి వచ్చే గాలి చాలదు. దాంతో వాల్వ్ నెత్తి మీద ప్రెషర్ తక్కువ, కింద ఎక్కువ. మంచి వాల్వ్ కూడా తెరుచుకుని గ్లౌజు ఉబ్బుతుంది, మీరు పాపం దాన్ని పారేస్తారు. అందుకని సన్న గొట్టాన్ని మానిఫోల్డ్ నుంచి తీసి, ఒక టీ జాయింట్ (మూడు దారుల గొట్టం ముక్క) పెట్టి అదే కంప్రెసర్ గాలి వాల్వ్ నెత్తికి ఇవ్వండి. అక్కడ మానిఫోల్డ్ వైపు మిగిలిన రంధ్రాన్నీ మూసేయండి. అప్పుడు రోడ్డు మీద ఫుల్ త్రాటిల్‌లో ఉన్న పరిస్థితే షెడ్‌లో వస్తుంది.

మూడోగేరు
ఇవాళ సగం రోజు దీనికే పోయింది, కానీ చేసినందుకు సంతోషంగా ఉంది.

మొదట టీ లేకుండా చూశాను. 0.3 బార్‌కే గ్లౌజు నిక్కబొడుచుకుంది, గుండె జారిపోయింది. తర్వాత స్పానర్ గారు చెప్పినట్టు టీ పెట్టి నెత్తికి కూడా గాలి ఇచ్చాను. 0.3 దగ్గర గ్లౌజు కదల్లేదు. 0.5 దగ్గర కూడా వేళ్లు వేలాడుతూనే ఉన్నాయి. 0.7 దాటాక ముందు చిటికెన వేలు మెల్లగా లేచింది, తర్వాత మిగతావి.

వాల్వ్ ఊడదీసి చేతి వాక్యూమ్ పంపుతో 20 అంగుళాల (పాదరసం లెక్కలో) వాక్యూమ్ లాగాను. ముల్లు నిలవలేదు, కళ్లముందే దిగిపోయింది. టోపీ తీసి డయాఫ్రమ్ చూస్తే పైకి బాగానే ఉంది. వేలితో సాగదీస్తే మడత అంచున గోటి ముక్కంత చిరుగు నోరు తెరిచింది. వదిలేస్తే మూసుకుపోతోంది. తక్కువ ప్రెషర్‌లో ఎందుకు పట్టిందో అప్పుడు అర్థమైంది.

ఎర్రసూది
సరే, స్ప్రింగ్ తప్పు కాదని ఒప్పుకుంటున్నాను. నేను తొందరపడ్డాను. కానీ మెటల్ పిస్టన్ వాల్వ్ వేయమన్న మాట మాత్రం వెనక్కి తీసుకోను. రబ్బరే లేకపోతే చిరిగేది ఏముంది?

సైలెన్సర్
చిరగదు, ఇరుక్కుంటుంది. ఆయిల్ ఆవిరి పట్టి జిగురైతే పిస్టన్ సగం తెరిచి ఆగిపోవడం నేను నా కారులోనే చూశాను. విప్పి తుడిచి పల్చగా నూనె రాస్తూ ఉండాలి. ఆ ఓపిక ఉంటే వేసుకోండి.

గాలి బయటికి వదిలేది మాత్రం వద్దు. మీ కార్లో ఎయిర్‌ఫ్లో సెన్సర్ ఉంటే, వచ్చిన గాలిని అది ముందే లెక్కపెట్టి ఉంటుంది. మీరు గేర్ మార్చిన ప్రతిసారీ ఆ గాలి బయటికి పోతుంది, పెట్రోల్ మాత్రం దాని లెక్కనే పడుతుంది. రిచ్ అయి తడబడుతుంది. మానిఫోల్డ్ ప్రెషర్ చూసి పెట్రోల్ వేసే కార్లకు ఈ గొడవ లేదు.

పాత స్పానర్
స్ప్రింగ్ మరీ గట్టిదైతే ఇంకో నష్టం ఉంది. తక్కువ బూస్ట్‌లో కాలు తీసినప్పుడు వాల్వ్ తెరుచుకోదు, గాలి కంప్రెసర్ మీదికే వెనక్కి కొట్టి టుటుటు అంటుంది. ఆ శబ్దం కొందరికి ఇష్టం. టర్బోకి ఇష్టం కాదు.

ఎర్రసూది
1.2 బార్‌కి మీ మాటే సరే. ఎవరైనా 2 బార్ దగ్గర నడుపుతూ, వాల్వ్ ఇంటర్‌కూలర్‌కి ముందు ఉంటే, అక్కడ తేడా కూడా పెరుగుతుంది, గట్టి స్ప్రింగ్ కావాల్సిందే. వైస్‌లో నొక్కినవాళ్లు ఊరికే నొక్కలేదు.

పాత స్పానర్
దానికి నేను అడ్డు చెప్పను. కొలిచి వేసుకోమంటున్నా, అంతే.

మూడోగేరు
అదే రకం కొత్త వాల్వ్ వేశాను. సన్న గొట్టం చివర కూడా గట్టిపడి పగుళ్లు వచ్చాయి, అదీ మార్చాను. మూడో గేర్‌లో 1.15 వచ్చి నిలబడుతోంది. మిగిలిన 0.05 కోసం రేపు ఇంటర్‌కూలర్ కింది హోసు క్లాంప్ విప్పి చూస్తాను, అక్కడ నూనె మరక ఒకటి కనిపిస్తోంది.